ముందు పటం... ఆ తర్వాతే కోడ్

2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లాలోని నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్‌లో డీఆర్‌డీవో ఒక లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది. వాహనం మీద బిగించిన ఆ ఆయుధం ఎగురుతున్న డ్రోన్‌నూ, గుంపుగా వచ్చిన డ్రోన్లనూ దెబ్బతీసింది. అదే ఏడాది జులైలో డ్రోన్ నుంచి వదిలే యూఎల్‌పీజీఎం-వీ3 క్షిపణి పరీక్ష కూడా అక్కడే జరిగింది. రెండుసార్లూ మన ఫోన్లలో వీడియోలు తెగ తిరిగాయి. ‘మన ఓర్వకల్లే!’ అని స్టేటస్‌లు పెట్టుకున్నాం. సంతోషమే. కానీ ఉద్యోగం వెతుక్కునే ఇంజినీరింగ్ విద్యార్థి ఆ వార్తలో ఆగి చదవాల్సిన వాక్యం ఇంకొకటి ఉంది.

ఆ లేజర్‌ను రూపొందించింది హైదరాబాద్‌లోని చెస్ ల్యాబ్. దానితో కలిసి పనిచేసినవి బెంగళూరులోని ఎల్ఆర్‌డీఈ, డెహ్రాడూన్‌లోని ఐఆర్‌డీఈ, హైదరాబాద్‌లోని డీఎల్ఆర్ఎల్, వీటితోపాటు కొన్ని విద్యాసంస్థలు, పరిశ్రమలు. ఒక ల్యాబ్‌ది రాడార్ల విద్య, ఇంకొకదానిది కెమెరాలు, అద్దాల విద్య, మరొకదానిది ఎలక్ట్రానిక్ యుద్ధ విద్య. మూడు ఊళ్లలో కూర్చుని పనిచేసేవాళ్ల ముక్కలన్నీ చివరికి ఒక్క బండి మీద ఒక్కటిగా నడవాలి. ఏ ముక్క ఏ ముక్కకు ఏం చెబుతుంది, ఎంతసేపట్లో చెబుతుంది, ఏ కొలతలో చెబుతుంది అన్నది ముందే కాగితం మీద తేలకపోతే ఆ పని జరగదు.

అలా తేల్చుకునే పద్ధతికే ఆర్కిటెక్చర్ ఫ్రేమ్‌వర్క్ అని పేరు. సైనిక సిమ్యులేషన్ తయారీలో దీని అవసరం ఇంకా ఎక్కువ. మన కర్నూలు, కడప కాలేజీల్లో పైథాన్, జావా, ఇప్పుడు ఏఐ అంటూ అందరం పరుగెడుతున్నాం. ఈ పటం గీసే విద్యను మాత్రం పట్టించుకునేవాళ్లు తక్కువ. పైసా ఖర్చు లేకుండా, మన ఊళ్లోనే కూర్చుని నేర్చుకోదగిన విద్య ఇది. ఫైనలియర్ ప్రాజెక్టు ఇందుకు సరైన సందు అని నా అభిప్రాయం.

ఒక ఊరు, మూడు పటాలు

కేసీ కాలువ కింద ఉన్న ఏ పల్లెనైనా తీసుకోండి. వీఆర్వో దగ్గర ఎఫ్ఎంబీ ఉంటుంది. అందులో సర్వే నంబర్లు, గట్లు, కొలతలు. లైన్‌మన్‌కు కావాల్సిన పటం వేరు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని మోటార్లు ఉన్నాయో ఆయనకు తెలియాలి. కాలువ లస్కర్‌కు కావాల్సింది ఇంకొకటి. ఏ తూము నుంచి ఏ ఆయకట్టుకు నీళ్లు పోతాయో తెలిస్తే చాలు. ఊరు ఒకటే. పటాలు మూడు. ఏదీ అబద్ధం కాదు. అలాగని ఏ ఒక్కటీ పూర్తి ఊరు కాదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే ఈ మూడూ ఒకదానికొకటి పొసగనప్పుడు. ఒక పటంలో 112 సర్వే నంబరులో ఉన్న బోరు ఇంకో పటంలో 113లో ఉంటే, మోటారు కనెక్షన్ ఎవరి పేరున ఇవ్వాలో తేలదు. ఆర్కిటెక్చర్ ఫ్రేమ్‌వర్క్ చేసేది సరిగ్గా ఈ పనే. ఒకే వ్యవస్థను వేర్వేరు మనుషుల కళ్లతో చూపించే పటాలు ఏవేవి ఉండాలో చెబుతుంది. ఒక పటంలో ఉన్న పేరు ఇంకో పటంలోనూ అదే వస్తువును సూచించాలని పట్టుబడుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఐబీఎంలో పనిచేసిన జాన్ జాక్‌మన్ 1987లో సమాచార వ్యవస్థల కోసం ఇలాంటి చట్రాన్ని ప్రతిపాదించాడు. అమెరికా రక్షణ శాఖ 1990లలో తన సొంత చట్రం రాసుకుని, 2003లో దాన్ని డోడాఫ్ పేరుతో తెచ్చింది. బ్రిటన్ మోడాఫ్ చేసుకుంది, నాటో తనది తాను చేసుకుంది. 2009 నాటి డోడాఫ్ 2.0లో ఎనిమిది దృక్కోణాలున్నాయి. వాటన్నిటినీ బట్టీ పట్టక్కర్లేదు. ఒక ఉదాహరణ మీద నాలుగైదు వాడి చూస్తే లోగుట్టు అర్థమైపోతుంది.

ఓర్వకల్లు ఎండలో ఒక లెక్క

నలుగురు స్నేహితులు కలిసి ‘డ్రోన్ల గుంపు వర్సెస్ లేజర్’ అనే సిమ్యులేషన్ చేస్తున్నారనుకుందాం. ఇక్కడ నేను వేసే అంకెలు లెక్క కోసం ఊహించుకున్నవే. ఏ నిజమైన ఆయుధానివీ కావు.

డ్రోన్ సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తోంది. లేజర్ 1,500 మీటర్ల దూరం నుంచి పనిచేస్తుంది. అంటే మన చేతిలో ఉన్న సమయం 75 సెకన్లు. ఒక్కో డ్రోన్ మీద కిరణం 5 సెకన్లు నిలవాలి, తర్వాతి డ్రోన్ వైపు తిరగడానికి 2 సెకన్లు. మొత్తం 7. డెబ్బై అయిదును ఏడుతో భాగిస్తే పది డ్రోన్లు. ‘మా సిస్టమ్ పది డ్రోన్లను ఆపుతుంది’ అని స్లైడ్ రెడీ. చాలా ప్రాజెక్టులు ఇక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు కోడ్ పక్కన పెట్టి పటాలు గీద్దాం. మొదటిది ఓవీ-1. మొత్తం కథను ఒక్క బొమ్మలో చెప్పడం. ఎవరు కాపాడుతున్నారు, దేన్ని, ఎవరి నుంచి, ఎలాంటి చోట? ఆ బొమ్మలో ‘ఎలాంటి చోట’ గీస్తున్నప్పుడే మన సీమ కుర్రాడికి ఒకటి తట్టాలి. మే నెల మధ్యాహ్నం ఇక్కడ నేల ఎలా ఉంటుంది? రోడ్డు మీద ఎండమావులు, గాలి లేస్తే దుమ్ము. వేడి గాలి, దుమ్ము రెండూ కాంతి కిరణాన్ని చెదరగొట్టేవే. పనిచేసే దూరం సగానికి, అంటే 750 మీటర్లకు పడిపోయిందనుకోండి. సమయం 37 సెకన్లకు వచ్చింది. కిరణం 8 సెకన్లు నిలవాల్సి వస్తే ఒక్కో డ్రోన్‌కు పది సెకన్లు. ఆగేవి మూడు డ్రోన్లే. పది ఎక్కడ, మూడు ఎక్కడ!

రెండోది ఓవీ-5. జరిగే పనుల వరస. గుర్తించడం, వెంబడించడం, శత్రువుదా మనదా తేల్చుకోవడం, కాల్చడం, కూలిందో లేదో చూసుకోవడం. మన లెక్కలో నాలుగో పని ఒక్కటే ఉంది. మిగతా నాలుగూ మాయం! ‘తేల్చుకోవడం’ అన్నచోట కూర్చునేది మనిషి. అతను తీసుకునే నాలుగైదు సెకన్లు మన కోడ్‌లో లేనే లేవు.

మూడోది ఓవీ-3. ఎవరు ఎవరికి ఏ సమాచారం ఎన్ని సెకన్లలో ఇవ్వాలో చెప్పే పట్టిక. నాలుగోది ఎస్‌వీ-1. ఆ పనులు ఏ యంత్రం, ఏ సాఫ్ట్‌వేర్ చేస్తాయో, వాటి మధ్య తీగలేవో చూపేది. అయిదోది డేటా పటం. దూరం మీటర్లలోనా, అడుగుల్లోనా? సమయం ఏ గడియారం ప్రకారం? ‘దుమ్ము’ అనే విలువ ఎవరి దగ్గర ఉంటుంది?

ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. నలుగురిలో ఒకరు కెమెరా మోడల్ రాస్తారు, ఇంకొకరు లేజర్ మోడల్ రాస్తారు. మొదటివాడి ప్రోగ్రాంలో ఆకాశం నిర్మలం, రెండోవాడి ప్రోగ్రాంలో దుమ్ము. రెండూ విడివిడిగా భేషుగ్గా నడుస్తాయి. కలిపితే వచ్చేది తప్పుడు యుద్ధం. సిమ్యులేషన్ రంగంలో దీన్ని ‘ఫెయిర్ ఫైట్’ సమస్య అంటారు. ఆడేవాళ్లందరికీ మైదానం ఒకటే కావాలి. లేకపోతే గెలుపోటములకు అర్థం లేదు.

చట్రం వేరు, తీగ వేరు

ఇంటర్వ్యూల్లో తడబడే చోటు ఇది కాబట్టి విడమరిచి చెబుతాను. డోడాఫ్ లాంటి ఫ్రేమ్‌వర్క్ వ్యవస్థను వర్ణిస్తుంది. సిమ్యులేటర్లను నడిపించదు. నడుస్తున్న సిమ్యులేటర్లను ఒకదానితో ఒకటి కలిపేవి వేరే ప్రమాణాలు. 1980లలో అమెరికా సైన్యం సిమ్‌నెట్ పేరుతో యుద్ధట్యాంకు సిమ్యులేటర్లను నెట్‌వర్క్‌తో కలిపింది. ఆ అనుభవం నుంచి డీఐఎస్ ప్రమాణం పుట్టింది. ఆ తర్వాత హెచ్ఎల్ఏ వచ్చింది. అది 2000లో ఐఈఈఈ 1516 ప్రమాణమైంది. హెచ్ఎల్ఏలో ఆర్‌టీఐ అనే మాట వస్తుంది. సమాచార హక్కు చట్టం అనుకునేరు! రన్‌టైమ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అని అర్థం. వేర్వేరు సిమ్యులేటర్ల మధ్య సమాచారాన్నీ, కాలాన్నీ సరిచూసే సాఫ్ట్‌వేర్ అది. మార్చుకునే సమాచారం ఏదో చెప్పే ఒప్పందాన్ని ఫెడరేషన్ ఆబ్జెక్ట్ మోడల్ అంటారు. పైన గీసుకున్న డేటా పటం సరిగ్గా ఉంటే ఆ ఒప్పందంలో సగం రాసేసినట్టే.

ఇక పని ఏ వరసలో చేయాలో చెప్పేది డీసీప్ అనే ఐఈఈఈ 1730 ప్రమాణం. అందులో ఏడు మెట్లున్నాయి. మొదటి మెట్టు కోడింగ్ కాదు. ‘ఈ సిమ్యులేషన్ ఎందుకు?’ అన్న ప్రశ్నకు జవాబు రాసుకోవడం.

జవాబును బట్టి డిజైనే మారిపోతుంది. ఆపరేటర్‌కు శిక్షణ ఇవ్వడం కోసమైతే అతని ముందున్న తెర, మీటలు, అతనికి దొరికే సమయం నిజానికి దగ్గరగా ఉండాలి. లేజర్ భౌతికశాస్త్రం కాస్త మోటుగా ఉన్నా నడుస్తుంది. ఒక స్థావరానికి ఎన్ని లేజర్లు కొనాలో తేల్చడం కోసమైతే తెర అందంగా లేకపోయినా ఫర్వాలేదు. దుమ్ము, వేడి, డ్రోన్ల సంఖ్య లెక్క పక్కాగా ఉండాలి. ‘రియలిస్టిక్ సిమ్యులేషన్’ అని రెజ్యూమెలో రాసే ముందు ఎవరికి రియలిస్టిక్, దేనికి రియలిస్టిక్ అని అడిగి చూసుకోండి.

పటంలో లేని పెట్టె

దీనివల్ల నిజంగా పోయేదేముంది అని అడగొచ్చు. రెండు సంఘటనలు చెబుతాను.

1996 జూన్ 4న యూరప్ రాకెట్ ఏరియన్-5 తొలి ప్రయాణంలోనే, ఎగిరిన 40 సెకన్లలోపే ముక్కలైంది. ఏరియన్-4 కోసం రాసిన దిశానిర్దేశక సాఫ్ట్‌వేర్‌ను కొత్త రాకెట్‌లోనూ వాడారు. కొత్త రాకెట్ అడ్డంగా సాగే వేగం ఎక్కువ. ఆ విలువ 16 బిట్ల గడిలో పట్టలేదు. పరీక్షల్లో ఎందుకు బయటపడలేదు? భూమ్మీద చేసిన పూర్తి స్థాయి సిమ్యులేషన్‌లో ఆ దిశానిర్దేశక పరికరాన్ని పెట్టలేదు. దాని బదులు అది ఇచ్చే విలువలను సాఫ్ట్‌వేర్‌తో సృష్టించి ఇచ్చారు. చెడిపోయే పెట్టె సిమ్యులేషన్‌లోనే లేకపోతే అది చెడిపోతుందని సిమ్యులేషన్ ఎలా చెబుతుంది?

రెండోది 2002లో అమెరికా నడిపిన మిలీనియం ఛాలెంజ్ యుద్ధ విన్యాసం. ఖర్చు సుమారు 25 కోట్ల డాలర్లు. ఎన్నో సిమ్యులేషన్లను కలిపి నడిపారు. శత్రుపక్షం పాత్రలో ఉన్న రిటైర్డ్ జనరల్ పాల్ వాన్ రైపర్ తన ఆజ్ఞలను రేడియోలో కాకుండా మోటార్‌సైకిళ్ల మీద మనుషులతో పంపాడు. ఎదుటివాళ్ల నిఘాకు అవి చిక్కలేదు. ఒక్కసారిగా క్షిపణులు కురిపించి కంప్యూటర్ సముద్రంలో 16 నౌకలను ముంచేశాడు. నిర్వాహకులు ఆ నౌకలను మళ్లీ తేల్చి, ఆట కొనసాగించారు. ఇది ముందే రాసుకున్న ఆట అంటూ ఆయన తన పాత్ర నుంచి తప్పుకున్నాడు. అధికారులు వేరేలా సమర్థించుకున్నారు గానీ, విద్యార్థిగా మనకు మిగిలే పాఠం ఒకటుంది. ఆ విన్యాసం కొత్త ఆలోచనలను పరీక్షించడానికా, సైన్యాలకు సాధన చేయించడానికా? మొదటిదైతే నౌకలు మునగడమే ఫలితం. రెండోదైతే మళ్లీ తేల్చడం అర్థం చేసుకోవచ్చు. మొదటి పేజీలో తేలాల్సిన ఆ ప్రశ్న మధ్యలో తేలితే కోట్ల డాలర్ల సిమ్యులేషన్ కూడా వివాదమే మిగులుస్తుంది.

సిమ్యులేటర్ మీద నేర్చుకున్న సైనికుడు దాన్ని నమ్మి సరిహద్దుకు వెళతాడు. మన లెక్కలో దుమ్ము లేకపోతే ఆ తప్పు మన మార్కుల్లో కనిపించదు. అతనికి కనిపిస్తుంది.

ఇదంతా ఫైళ్ల గోలేనా?

ఫ్రేమ్‌వర్క్‌ల మీద ఒక విమర్శ ఉంది. న్యాయమైనదే. చాలాచోట్ల ఈ పటాలు ఆడిట్ కోసం గీసి, బీరువాలో పడేసే కాగితాలైపోతాయి. యాభై రకాల నమూనాలున్నాయి కదా అని యాభై గీస్తే కోడ్ రాసే టైమ్ ఎవరికుంటుంది? డోడాఫ్ 2.0 కూడా అన్నీ గీయమనడం లేదు. అవసరానికి సరిపడా గీయమనే చెబుతుంది. నా కొలత ఇది. ఒక పటం చూశాక టీంలో ఎవరైనా తమ కోడ్‌లో ఏదో ఒకటి మార్చుకుంటే ఆ పటం ఉపయోగపడినట్టు. ఎవరూ ఏమీ మార్చుకోకపోతే చించేయండి.

ఇంకో అభ్యంతరం. ‘నాకు ఆయుధాల పని ఇష్టం లేదన్నా’ అనేవాళ్లుంటారు. వాళ్ల మాటకు గౌరవం ఇవ్వాల్సిందే. పద్ధతి మాత్రం ఆయుధాలకే సొంతం కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరదకు కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, అప్పటి కడప జిల్లాలోని ఊళ్లు కొట్టుకుపోయాయి. కరువు సీమ అంటారు గానీ నీళ్లు వచ్చిన రోజు ఎంత భయంకరంగా వస్తాయో మన ఇళ్లలో పెద్దలకు తెలుసు. పై నుంచి ఎంత నీరు వస్తోందో ఎవరు ఎవరికి చెప్పాలి? ఎన్ని నిమిషాల్లో చెప్పాలి? ఫోన్ లైను తెగితే రెండో దారి ఏది? చివరి ఇంటికి కబురు చేర్చేది ఎవరు? ఇవన్నీ ఓవీ-3 పట్టికలో గడులే. డ్రోన్ వద్దనుకుంటే వరద మీద చేయండి. నేర్చుకునే విద్య అదే.

ఉద్యోగం మాటేమిటి?

నేరుగా చెబుతాను. ఫ్రెషర్‌ను తీసుకెళ్లి ఎవరూ ఆర్కిటెక్ట్ కుర్చీలో కూర్చోబెట్టరు. మొదటి రెండేళ్లు టెస్టింగో, కోడింగో చేయాల్సిందే. ప్రకటనల్లో ‘ఆర్కిటెక్చర్ ఫ్రేమ్‌వర్క్’ అన్న మాట కూడా అరుదు. సిస్టమ్స్ ఇంజినీర్, మోడలింగ్ అండ్ సిమ్యులేషన్ ఇంజినీర్, ఇంటిగ్రేషన్ ఇంజినీర్ అనే పేర్లతో వెతకండి.

చోట్లు ఉన్నాయి. 2021 సెప్టెంబరులో రక్షణ శాఖ మన సైన్యంలో సిమ్యులేటర్ల వాడకం పెంచడానికి ఒక విధానాన్ని ప్రకటించింది. సైనిక శిక్షణను సిమ్యులేషన్ ఆధారంగా మార్చడం దాని ఉద్దేశం. డీఆర్‌డీవోకు ఢిల్లీలో ఐఎస్ఎస్ఏ అనే ల్యాబ్ ఉంది. వ్యవస్థల విశ్లేషణ, వార్‌గేమింగ్ దాని పని. గేట్ స్కోరుతో సైంటిస్ట్-బి పోస్టులకు, జేఆర్‌ఎఫ్‌లకు, అప్రెంటిస్‌లకు డీఆర్‌డీవో నోటిఫికేషన్లు ఇస్తుంటుంది. హైదరాబాద్‌లోనే 1993 నుంచి సైనిక శిక్షణ సిమ్యులేటర్లు చేస్తున్న జెన్ టెక్నాలజీస్ ఉంది. బీడీఎల్, బీఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలున్నాయి. పైన చెప్పిన యూఎల్‌పీజీఎం-వీ3 తయారీలో పెద్ద కంపెనీలతోపాటు 30 చిన్న పరిశ్రమలు, స్టార్టప్‌లు పాలుపంచుకున్నాయని ప్రభుత్వమే చెప్పింది. మనకు తలుపు తెరుచుకునేది ఎక్కువగా ఆ చిన్నవాటిలోనే.

ఓర్వకల్లులో రేంజ్ ఉంది కాబట్టి ఉద్యోగాలు వాటంతట అవే మన ఇంటికి రావు. పరీక్ష ఇక్కడ జరుగుతుంది, డిజైన్ ఇంకెక్కడో జరుగుతుంది. ఆ డిజైన్ బల్ల దగ్గర కుర్చీ కావాలంటే ఆ బల్ల మీద మాట్లాడే భాష రావాలి.

ఈ సెమిస్టర్‌లోనే మొదలెట్టండి

అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనే డబ్బు మిగుల్చుకోండి. నలుగురు ఒక జట్టు కట్టండి. జగన్నాథగట్టు మీది ట్రిపుల్ ఐటీడీఎం అయినా, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ అయినా, పేరు తెలియని ప్రైవేటు కాలేజీ అయినా తేడా లేదు. పన్నెండు వారాలు చాలు.

మొదటి మూడు వారాలు ల్యాప్‌టాప్ తెరవొద్దు. చార్ట్ పేపర్, పెన్సిల్. ‘ఎందుకు’ అన్నదానికి అయిదు వాక్యాలు, ఆపైన అయిదు పటాలు. నాలుగో వారం వాటిని వేరే బ్రాంచ్ స్నేహితుడికి చూపించి, అతను అడిగిన ప్రతి ప్రశ్ననూ రాసుకోండి. అయిదో వారం నుంచి కోడ్. పైథాన్‌లో సింపై సరిపోతుంది. రెండు ప్రోగ్రాంలను కలిపి చూడాలనుకుంటే పోర్టికో అనే ఉచిత ఆర్‌టీఐ ఉంది. పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కపెల్లా, పాపిరస్ ఉచితమే. డోడాఫ్ పత్రాలు అమెరికా రక్షణ శాఖ సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. చివరి రెండు వారాలు ఒకే పని. మీ ఊహల్ని ఒక్కొక్కటిగా మార్చి, జవాబు ఎంత మారుతోందో పట్టిక వేయండి. పది డ్రోన్లు మూడైన చోటు ఆ పట్టికలో కనిపించాలి.

ఒక జాగ్రత్త. బయట అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమే వాడండి. రేంజ్ దగ్గరికి వెళ్లి ఫొటోలు, వీడియోలు తీయడం లాంటి పనులు వద్దు. ఈ రంగంలో నమ్మకం పోతే స్కోరు ఎంతున్నా లాభం లేదు.

ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు ఏం చేస్తుంది?’ అని అడుగుతారు. అందరూ డెమో చూపిస్తారు. మీరు మీ అయిదు పటాలు బల్ల మీద పరిచి, ‘మా సిమ్యులేషన్ ఏ విషయంలో నమ్మదగింది, ఏ విషయంలో కాదు అన్నది ఇక్కడ ఉంది సార్’ అని చెప్పండి. తన పని హద్దు తెలిసిన ఇంజినీర్‌ను ఏ బోర్డు అయినా ఇంకో ప్రశ్న అడుగుతుంది. మీకు కావాల్సింది ఆ రెండో ప్రశ్నే.